వీధి బ్యాగ్‌పైపు: నగరం మలచిన సంప్రదాయం

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో కోట దగ్గర మొదలై హోలీరూడ్ రాజప్రాసాదం దాకా సాగే వీధిని రాయల్ మైల్ అంటారు. అక్కడా, ప్రిన్సెస్ స్ట్రీట్ మలుపుల్లోనూ, గ్లాస్గో నగరంలోని బుకానన్ స్ట్రీట్‌లోనూ నడుముకు చుట్టే గళ్లబట్ట కిల్టు కట్టుకుని బ్యాగ్‌పైపు వాయించే కళాకారులు తరచుగా కనిపిస్తారు. వాళ్ల గురించి రెండు అభిప్రాయాలు బలంగా ఉన్నాయి. హైలాండ్స్ కొండసీమల ప్రాచీన జీవితం చెక్కుచెదరకుండా మన ముందు నిలిచిందని కొందరు మురిసిపోతారు. పర్యాటకుల జేబులకోసం కట్టిన వేషం తప్ప మరేమీ కాదని కొందరు కొట్టిపారేస్తారు. చరిత్ర ఈ రెండింటినీ సమర్థించదు. కిల్టు కట్టిన వీధి పైపర్ రూపం నగరాల్లోనే తయారైంది. పురపాలక కొలువు, సైనిక దుస్తులు, రాజోత్సవం, యాచన ఇవన్నీ కలిసి అతణ్ణి తీర్చిదిద్దాయి.

ముందు వాద్యం సంగతి. చంకలో ఇమిడే సంచిలోకి నోటితో గాలి ఊది, మోచేతితో అదుముతూ, ఆ గాలిని రీడ్లున్న గొట్టాలలోకి పంపడం ఈ హైలాండ్ పైపు పద్ధతి. వేళ్లతో స్వరాలు పలికించే గొట్టం చాంటర్. భుజం మీదుగా పైకి లేచే మూడు గొట్టాలు డ్రోన్లు, అవి ఆగకుండా శ్రుతినిస్తాయి. తెలుగునాట జానపద కళాకారులు శ్రుతికోసం పట్టే మేకతోలు తిత్తి కూడా ఇదే కుటుంబానికి చెందినది. అయితే తిత్తి శ్రుతికే పరిమితం, హైలాండ్ పైపు శ్రుతినీ పాటనూ తానే మోస్తుంది. చాంటర్‌లో ఉన్నవి తొమ్మిది స్వరాలే. ధ్వనిని తగ్గించడానికి గానీ పెంచడానికి గానీ వీలు లేదు, స్వరానికీ స్వరానికీ మధ్య మౌనం ఉండదు. అందుకే ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో మెరుపులాంటి చిన్న అలంకార స్వరం వేయాలి. పైపర్ విద్యంతా ఆ అలంకారాల్లోనే ఉంది. ఇది గదికి తగ్గ వాద్యం కాదు, ఆరుబయట పుట్టింది.

ఆరుబయలంటే కొండలే కానక్కర్లేదు. స్కాట్లాండ్‌లో బ్యాగ్‌పైపుకు మిగిలిన పాత శిల్ప సాక్ష్యాలలో పేరుమోసినవి దక్షిణాది లోలాండ్స్‌లోనే ఉన్నాయి. మెల్‌రోజ్ మఠం కప్పు మీద పైపు వాయించే పందిబొమ్మ ఉంది. ఎడిన్‌బరో దగ్గర 15వ శతాబ్దపు రాస్లిన్ చాపెల్‌లో పైపు పట్టుకున్న దేవదూత శిల్పం ఉంది. ఇంకా గట్టి ఆధారం పురపాలక పైపర్లది. లోలాండ్ పట్టణాలు జీతమిచ్చి పైపర్‌ను పెట్టుకునేవి. అతను డోలు వాయించేవాడితో కలిసి ఉదయం, సాయంత్రం వీధులన్నీ తిరుగుతూ ఊరికి పొద్దు తెలిపేవాడు. సంతల్లో, పెళ్లిళ్లలో వాయించేవాడు. జెడ్‌బరోలో హేస్టీ కుటుంబం తరతరాలుగా ఈ కొలువు చేసింది. కిల్‌బార్కన్ పైపర్ హబీ సింప్సన్ మీద రాబర్ట్ సెంపిల్ 17వ శతాబ్దంలో రాసిన స్మృతిగీతం స్కాట్స్ కవిత్వంలో ఒక ఛందస్సుకే పేరునిచ్చింది. ఈ పురపాలక పైపర్లు కిల్టు కట్టలేదు, పట్టణం ఇచ్చిన దుస్తులు వేసుకున్నారు. వాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది నోటితో ఊదేది కాదు, చంకకింది కొలిమితిత్తితో గాలి నింపే బోర్డర్ పైపు. అంటే కిల్టు కన్నా ముందే పైపు వీధిలో స్థిరపడింది.

కిల్టు వీధికెక్కిన దారి వేరు, అందులో నెత్తురు కూడా ఉంది. 1745లో స్టూవర్ట్ వంశంకోసం లేచిన జాకొబైట్ తిరుగుబాటు మరుసటి ఏడు కల్లోడెన్‌లో అణిగిపోయింది. పట్టుబడ్డ పైపర్ జేమ్స్ రీడ్ తాను ఆయుధం పట్టలేదని యార్క్ న్యాయస్థానంలో మొరపెట్టుకున్నాడు. పైపర్ లేకుండా హైలాండ్ దళం కదలదు కనుక పైపు కూడా యుద్ధసాధనమేనని న్యాయమూర్తులు తేల్చారు; 1746 నవంబరులో అతణ్ణి ఉరితీశారు. అదే ఏడాది చేసిన చట్టం హైలాండ్ దుస్తులను నిషేధించింది: మొదటి తప్పుకు 6 నెలల జైలు, రెండోసారి 7 ఏళ్ల ద్వీపాంతరవాసం. ఆ చట్టంలో పైపు ప్రస్తావన లేదు. అది వాద్యాన్నీ నిషేధించిందని ఈనాటికీ చెప్పుకోవడం పొరపాటు. సైనికులకు మాత్రం మినహాయింపు ఉండటంతో, 1782లో చట్టం రద్దయ్యేదాకా కిల్టును చట్టబద్ధంగా కట్టే చోటు బ్రిటిష్ సైన్యపు హైలాండ్ రెజిమెంట్లే అయ్యాయి. పైపునూ కిల్టునూ ఒకే యూనిఫాంగా జతచేసింది ఈ సైన్యమే. వీధుల్లో కొందరు పెట్టుకునే ఈకల టోపీ, భుజాన వేసుకునే ప్లెయిడ్ ఆ సైనిక వారసత్వమే.

ఆ తరువాతి కథంతా పట్టణాలదే. లండన్ హైలాండ్ సొసైటీ 1781లో తొలి పైపు పోటీని నడిపింది ఫాల్‌కర్క్‌లో, లోలాండ్ పట్టణంలో. కొద్ది ఏళ్లకే పోటీలు ఎడిన్‌బరోకు మారాయి. 1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆ ఉత్సవాన్ని టార్టన్‌మయం చేశాడు. హైలాండ్స్‌తో సంబంధమే లేని పట్టణ పెద్దలూ ఆ గళ్లబట్ట కట్టి వీధిలోకి వచ్చారు. విక్టోరియా రాణి 1843లో ఆంగస్ మెకేను ఆస్థాన పైపర్‌గా నియమించింది. ఇంకోపక్క, లండన్ పేదల జీవితాలను నమోదు చేసిన హెన్రీ మేహ్యూ, హైలాండ్ రెజిమెంటు నుంచి బయటికొచ్చి చిన్నపిల్ల నాట్యంతో వీధిలో పొట్టపోసుకునే పైపర్ మాటలను గ్రంథస్తం చేశాడు. రాణిగారి పైపర్, వీధి పైపర్ ఒకే కాలంవాళ్లు. వీధి పైపర్ వాయిస్తున్నది కోటల సంగీతానికి చవకబారు నకలు అనేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఈ వాదనకు బలమైన ఆక్షేపణ చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్‌ది. 1983లో వెలువడిన వ్యాసంలో, హైలాండ్ సంప్రదాయం చాలావరకు తరువాతి కాలపు కల్పన అని ఆయన వాదించాడు; మోకాలిదాకా ఉండే చిన్న కిల్టును 18వ శతాబ్దంలో థామస్ రాలిన్‌సన్ అనే ఇంగ్లిష్ ఇనుప వ్యాపారి రూపొందించాడన్న కథను ముందుకు తెచ్చాడు. రాలిన్‌సన్ పాత్రను తరువాతి పరిశోధకులు గట్టిగానే ప్రశ్నించారు. వంశానికో గళ్లనమూనా అన్న పద్ధతి మాత్రం ప్రధానంగా 19వ శతాబ్దపు వ్యవహారమే, బానక్‌బర్న్‌లోని విల్సన్స్ నేతసంస్థకు అందులో పెద్ద చేయి ఉంది. దీన్ని ఒప్పుకోవడంలో నష్టమేమీ లేదు. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరు మొదలుపెట్టని సంప్రదాయం ఎక్కడా ఉండదు. రెండు వందల ఏళ్లుగా సైనికులు చనిపోయినప్పుడు, పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో మనుషులు మనస్ఫూర్తిగా నిలుపుకున్నదాన్ని పుట్టినతేదీ చూసి నకిలీ అనడం న్యాయం కాదు. పురపాలక పైపర్లకూ నేటి వీధి పైపర్లకూ గురుశిష్య పరంపర లేదన్నది కూడా నిజమే. ఆ కొలువులు అంతరించి చాలాకాలమైంది. ఇద్దరినీ కలిపేది వంశం కాదు, వీధిలో నిలబడి ఊరందరికీ వినిపించే పని.

రెండో ఆక్షేపణ రొదది, ఇది మరింత న్యాయమైనది. 1784లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త ఫోజా ద సాన్-ఫోన్‌ను ఆడమ్ స్మిత్ స్వయంగా ఎడిన్‌బరో పోటీకి తీసుకెళ్లాడు. చుట్టూ ఉన్న ప్రేక్షకులు చలించిపోతుంటే ఆ అతిథి చెవులు మాత్రం భరించలేకపోయాయి. రోజంతా కిటికీ కింద అదే పాట వినే దుకాణ ఉద్యోగి బాధ అంతకంటే ఎక్కువ. స్కాట్లాండ్‌లో వీధి సంగీతానికి సాధారణంగా లైసెన్సు అక్కర్లేదు. కానీ 1982 నాటి పౌరపాలన చట్టం 54వ సెక్షన్ ప్రకారం ఇతరులు ఇబ్బంది పడటానికి సబబైన కారణం ఉంటే యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి వాయించడం ఆపమనవచ్చు, వినకపోతే నేరం. పరిష్కారం ఆ హద్దులోనే ఉంది: చోటు మార్చాలి, సమయం పాటించాలి, నాలుగైదు తెలిసిన పాటలనే తిప్పితిప్పి వాయించడం మానాలి. మార్చ్‌లు, నాట్యానికి వాయించే రీళ్లు, స్ట్రాత్‌స్పేలు, పీబ్రాక్ అనే దీర్ఘ శాస్త్రీయ రచనలు ఉన్న వాద్యానికి పాటల కొరత లేదు. ఒక్క పైపర్ హద్దు మీరితే అతనికి చెప్పాలి గానీ, పైపునే నగరం నుంచి వెళ్లగొట్టమనడం ఆ నగర చరిత్రలో ఒక భాగాన్ని వెళ్లగొట్టడమే అవుతుంది.