హాజరు పరచండి: పార్వతీపురం కేసు చెప్పే పాఠం

వకీలు, అర్జీ, హాజరు, జామీను, దర్యాప్తు – మన కోర్టు మాటల్లో చాలా భాగం ఉర్దూ, ఫారసీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయినవే. వాటి నడుమ ఒక లాటిన్ మాట కూడా ఉంది. అదే హెబియస్ కార్పస్. వినడానికి బరువుగా ఉన్నా భావం తేలికే: "నీ నిర్బంధంలో ఉన్న మనిషిని హాజరు పరచు, ఏ చట్టం కింద పట్టుకున్నావో చెప్పు" అని నిర్బంధించిన వారిని కోర్టు అడగడం. ఇంగ్లాండులో 1679లో దీనికి ప్రత్యేక చట్టం చేశారు. మన దేశంలో 1950లో రాజ్యాంగం 32వ అధికరణం ద్వారా సుప్రీం కోర్టుకు, 226వ అధికరణం ద్వారా హైకోర్టులకు ఈ అధికారం ఇచ్చింది.

ఈ హక్కు చరిత్రలో మన ప్రాంతం పేరు కూడా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 1960ల చివర శ్రీకాకుళం ఏజెన్సీలో సాగిన సాయుధ ఉద్యమం తరువాత ప్రభుత్వం పార్వతీపురం కుట్ర కేసు పెట్టింది. పార్వతీపురం అప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనిదే. విజయనగరం జిల్లా 1979లో గాని ఏర్పడలేదు. విచారణ విశాఖపట్నంలో ప్రత్యేక న్యాయమూర్తి ముందు జరిగింది. డార్జిలింగు జిల్లా జైల్లో ఉన్న నక్సల్బరీ నాయకుడు కానూ సన్యాల్‌ను ఈ కేసులో ముద్దాయిగా విశాఖ సెంట్రల్ జైలుకు తెచ్చారు. అక్కడ ఉండగా ఆయన పేరున సుప్రీం కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ నడిచింది.

మొదటి ప్రశ్న: ఖైదీని కోర్టుకు తీసుకురాకుండా ఇలాంటి పిటిషన్ వినవచ్చునా? వినవచ్చునని 1973లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. తీర్పు రాసినవారు పి.ఎన్. భగవతి గారు. నిర్బంధం చట్టబద్ధమా కాదా అన్న విచారణే ప్రాణం, మనిషిని తీసుకురావడం ఆ విచారణకు ఒక సాధనం మాత్రమే అని దాని సారాంశం.

రెండో తీర్పు 1974లో వచ్చింది. అరెస్టుకు కారణాలు చెప్పలేదు, డార్జిలింగు నిర్బంధం అక్రమం అన్నది సన్యాల్ వాదన. పిటిషన్ వేసేనాటికే ఆ నిర్బంధం ముగిసిపోయింది, కాబట్టి దాని జోలికి పోనవసరం లేదని కోర్టు అంది. పిటిషన్ వేసిన తేదీకి ముందున్న స్థితిని చూడనక్కరలేదని స్పష్టం చేసింది. అధికారం గల కోర్టు ఉత్తర్వు మీద జైల్లో ఉన్నప్పుడు, ఆ ఉత్తర్వు పైకి పూర్తిగా చట్టవిరుద్ధంగా కనిపిస్తే తప్ప ఈ రిట్ దొరకదని కూడా చెప్పి పిటిషన్ కొట్టివేసింది.

మనం పట్టుకోవలసిన పాఠం ఇక్కడే ఉంది. నిన్నటి తప్పును ఈ రిట్ అడగదు, ఈనాటి నిర్బంధాన్నే అడుగుతుంది. అంటే ఆలస్యం చేసినవాడు నష్టపోతాడు.

అందుకే గడువులు గుర్తుంచుకోవాలి. అరెస్టు అయిన మనిషిని, ప్రయాణ కాలం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. అది దాటితే భార్య గాని, అన్నదమ్ములు గాని, స్నేహితుడు గాని హైకోర్టులో పిటిషన్ వేయవచ్చు. 2019 నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది. రిమాండు ఉత్తర్వు వచ్చాక దారి మారుతుంది. అప్పుడు సాధారణంగా అడగవలసింది జామీను. నేరాన్నిబట్టి 60 లేక 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే జామీను హక్కు అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ఇది 187వ సెక్షన్. ఇక్కడా అదే సంగతి: చార్జిషీటు పడకముందే అర్జీ పెట్టాలి, పడ్డాక అడిగితే ఆ హక్కు పోయినట్టే. వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి.

ఈ హక్కు ఒకసారి మాయమైంది కూడా. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధితుడు కోర్టు తలుపు తట్టలేడని సుప్రీం కోర్టు నలుగురి మెజారిటీతో అంది. ఆ నలుగురిలో భగవతి గారూ ఉన్నారు. కాదన్నది ఒక్క హెచ్.ఆర్. ఖన్నా గారే. తరువాత 1978లో తెచ్చిన 44వ సవరణ, ఎమర్జెన్సీలో సైతం ప్రాణ, స్వేచ్ఛల హక్కును ఆపరాదని కట్టుదిట్టం చేసింది. 2017లో సుప్రీం కోర్టే పాత తీర్పు తప్పని తోసిపుచ్చింది.

చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, అడిగేవాడు ఉండాలి, వేళకు అడగాలి. మన పిల్లలకు ఎక్కాలతో పాటు ఈ 24 గంటల లెక్క కూడా నేర్పుదాం.