దివిసీమ ఉప్పెన: దేవుడి లెక్క, మనిషి లెక్క

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మాటెత్తితే మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ రెండు మాటలంటారు. "పాపం పండింది" అన్నది ఒకటి, "దేవుడి దయవల్ల బతికాం" అన్నది రెండోది. నేను చదివింది బి.కాం., చేసింది రక్షణ శాఖలో పద్దుల ఉద్యోగం. జమ, ఖర్చు రెండూ చూడకుండా ఏ లెక్కా ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. కాబట్టి ఈ లెక్క కూడా చూద్దాం.

దివి అంటే లంక. కృష్ణానది పులిగడ్డ దగ్గర చీలి సముద్రంలో కలిసేలోగా, పాయల మధ్య మిగిలిన పల్లపు నేల. తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. మరి దివిసీమ ఎందుకు మునిగింది? మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. అందువల్ల తుపాను కేంద్రానికి కుడివైపున ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది. ఎడమవైపు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. దివిసీమ కుడివైపున ఉంది. నీరు ఐదారు మీటర్లు లేచింది. ఇందులో పాపం ఎక్కడుంది?

ఆ రాత్రి మేము బందరులో ఉన్నాం. మా ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే మంచం కింద దూరాం. నాలుగైదు రోజుల తరువాత తోటి విద్యార్థులతో అవనిగడ్డ వైపు శవాలు తియ్యడానికి వెళ్లాను. పూరిళ్లున్న చోట మట్టి అరుగులు కూడా మిగల్లేదు. నిలిచినవి అక్కడక్కడా డాబాలే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కూలీలు, జాలర్లు, వాళ్ల పిల్లలు. పాలు తాగే పిల్లలు చేసిన పాపమేమిటో ఎవరూ చెప్పలేదు.

గుడి ఎక్కినవాళ్లు బతికారు కదా అంటారు. గుడి రాతికట్టడం, మెరక మీద ఉంటుంది. బడి డాబా ఎక్కినవాళ్లూ బతికారు, తాడిచెట్టు పట్టుకున్నవాళ్లూ బతికారు. దేవుణ్ణి పిలుస్తూనే కొట్టుకుపోయినవాళ్లు మాత్రం తిరిగొచ్చి సాక్ష్యం చెప్పలేరు. జమ మాత్రమే రాసి ఖర్చు రాయని పద్దు ఇది.

అధికారిక లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది పోయారు. పదమూడేళ్లకు, 1990 మే 9న, బలంలో దాదాపు దీటైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి చనిపోయింది వెయ్యిమంది లోపు. రెండు తుపాన్లూ అచ్చు ఒకటి కావు, నిజమే. కానీ చావులు పదో వంతుకు తగ్గడానికి ఆ తేడా ఒక్కటే చాలదు. సముద్రం అదే, గుళ్లూ చర్చిలూ మసీదులూ అవే, మొక్కులూ అవే. మారినవేమిటి? ఇన్‌శాట్ ఉపగ్రహం పైన ఉంది. తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. లక్షన్నరమందికి పైగా ముందే ఖాళీ చేయించారు. 1977లో హెచ్చరిక చాలా ఊళ్లకు చేరలేదు, చేరినా ఎక్కడానికి ఎత్తైన చోటు లేదు.

"అంతా విధి" అనే మాటను బాధలో ఉన్నవాడు అంటే అర్థం చేసుకోవచ్చు. ఆ మాటే అధికారంలో ఉన్నవాడు అంటే అది జవాబుదారీ తప్పించుకోవడం. విధిని ఎవరూ ఆడిట్ చెయ్యలేరు కదా! షెల్టరుకు మంజూరైన డబ్బు ఏమైంది, తలుపు తాళం ఎవరి దగ్గరుంది, అక్కడికి రోడ్డు ఉందా? ఈ ప్రశ్నలు వేసే ఊరు పది యజ్ఞాలు చేసిన ఊరికంటే భద్రంగా ఉంటుంది.