నల్ల మెహందీతో పిల్లల చేతులపై బొబ్బలు ఎందుకొస్తాయి?

గోరింటాకు దానంతట అది నల్లగా పండదు. ఆకులో ఉండే లాసోన్ అనే రంగు ముందు నారింజ రంగులో కనిపించి, ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎరుపు, గోధుమ రంగుకు వస్తుంది. బాగా పండాలంటే కొన్ని గంటలు ఉంచుకోవాలి. చాంద్ రాత్ నాడు "అరగంటలో నల్లగా పండుతుంది" అని పెట్టేది, ఎగ్జిబిషన్లలో టాటూ పేరుతో వేసేది వేరే సరుకు. నలుపు కోసం అందులో ఎక్కువగా కలిపేది పారాఫినైలిన్ డైఅమైన్, అంటే పీపీడీ. జుట్టుకు వేసే రంగుల్లో ఉండే రసాయనమే.

జుట్టు రంగులో కూడా ఇది తలకు పట్టించే సమయానికి 2 శాతం దాటకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. చర్మం మీద వాడేందుకు అక్కడ గానీ, అమెరికాలో గానీ అనుమతి లేదు. నల్ల మెహందీ నమూనాల్లో మాత్రం దీనికి ఎన్నో రెట్లు దొరికింది.

చాలామంది అమ్మలు పొరబడేది ఇక్కడే. "పోయిన ఈద్‌కి పెట్టాం, ఏం కాలేదు కదా" అంటారు. మొదటిసారి ఒంటికి ఆ రసాయనం పరిచయం అవుతుంది అంతే. అప్పుడు అలర్జీ మొదలైనా బయటపడటానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు, అసలు కనిపించకపోవచ్చు కూడా. రెండోసారి పెడితే ఒకటి నుంచి మూడు రోజుల్లోనే దురద, ఎర్రదనం, వాపు, నీటి బొబ్బలు వస్తాయి. డిజైన్ ఎలా ఉందో బొబ్బలు కూడా అదే ఆకారంలో తేలతాయి, డాక్టర్లు చూడగానే గుర్తుపట్టేది దాన్నే. తగ్గాక ఆ చోట తెల్లగానో, నల్లగానో మచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు.

మచ్చ పోయినా అలర్జీ పోదు, సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పెద్దయ్యాక జుట్టుకు రంగు వేస్తే ముఖం, కళ్లు వాచిపోవచ్చు. కొన్ని బట్టల రంగులు, బెంజోకైన్ లాంటి మత్తు మందులు కూడా కొందరికి పడవు. అందుకే డాక్టర్ రాసిన చీటీ దాచిపెట్టండి, పార్లర్‌లో, దంతాల డాక్టర్ దగ్గర ముందే చెప్పండి.

బొబ్బలొస్తే సబ్బు నీళ్లతో మెల్లగా కడగాలి, చిదమకూడదు. పసుపు, టూత్‌పేస్ట్ రాయొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ట్యూబ్ కూడా వద్దు, స్టెరాయిడ్ పూత ఎంత, ఎన్నాళ్లు అన్నది చర్మ డాక్టరే చెప్పాలి. చీము, జ్వరం ఉంటే ఆలస్యం చేయొద్దు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

కోన్ కొనేటప్పుడు ఏమేం కలిపారో రాసి ఉందా చూడండి. లేకపోతే వదిలేయడమే మేలు. ఘాటైన రసాయనం వాసన, నెలల తరబడి షెల్ఫ్‌లో ఉన్నా పాడవని ముద్ద కూడా అనుమానించాల్సినవే. ఎర్రగా తొందరగా పండే కొన్ని కోన్లలో సోడియం పిక్రమేట్ కలిపినట్టు మన దేశంలో బయటపడింది కాబట్టి, నలుపు లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఇంట్లో ఆకు రుబ్బి పెట్టడం పాత పద్ధతే, కానీ పిల్లలకు అదే నయం.

ఒక్క మినహాయింపు ఉంది. జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకు, ముఖ్యంగా పసిపిల్లలకు అసలైన గోరింటాకు కూడా పడదు. లాసోన్ వల్ల రక్తకణాలు విరిగిపోతాయి. పెట్టిన తర్వాత కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.