రిజర్వేషన్, అలాట్‌మెంట్, సెటిల్‌మెంట్ – ఈ మూడు మాటల వెనక మన భూమి కథ



గ్రూప్స్‌కి చదివేవాళ్లు అమెరికా చరిత్రలోని మాటల్ని బట్టీ పట్టి వదిలేస్తున్నారు. ఒక్కసారి వాటిని మన తండా పక్కన, మన కాలనీ పక్కన పెట్టి చూడండి.

రిజర్వేషన్: మనకైతే చదువులో, ఉద్యోగంలో వాటా. అమెరికాలో ఆదివాసుల నేలలు చాలావరకు లాక్కున్నాక, హద్దులు గీసి వాళ్లకి మిగిల్చిన భూమి పేరు రిజర్వేషన్.

అలాట్‌మెంట్: 1887లో డాస్ చట్టం వచ్చింది. తెగ ఉమ్మడి భూమిని ముక్కలు చేసి, కుటుంబ పెద్దకి 160 ఎకరాల దాకా పంచారు. పంచగా మిగిలింది 'మిగులు భూమి' అని తెల్లవాళ్లకి ఇచ్చేశారు. పంచిన ముక్క 25 ఏళ్లు అమ్మకూడదని రూలు పెట్టారు. 1906లో ఆ రూలునీ సడలించారు. పన్నులు కట్టలేక, అప్పులు తీర్చలేక చాలామంది భూమి పోగొట్టుకున్నారు. 1887లో సుమారు 13.8 కోట్ల ఎకరాలుంటే 1934 నాటికి 4.8 కోట్లే మిగిలాయి.

సెటిల్‌మెంట్: ఇది మన గడ్డ మీది మాట. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడ ఎరుకల కుటుంబాలు హాజరు వేయించుకోవాలి, పర్మిషన్ లేకుండా ఊరు దాటకూడదు. పుట్టుకనే నేరం చేసిన ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. 'విముక్త జాతులు' అనే మాట అలా వచ్చింది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. పల్నాడు షెడ్యూల్డ్ ఏరియా కాదు, కాబట్టి ఆ చట్టం ఇక్కడ పనిచేయదు. మన ఇళ్లలో ఉన్న డి-పట్టాలకి అడ్డుకట్ట 1977 అసైన్డ్ భూముల చట్టమే. 2023లో దాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన వాటిని అమ్ముకునే వీలు కల్పించారు. తర్వాత ఆ రిజిస్ట్రేషన్లపై ఆంక్షలు వచ్చాయి. అమెరికాలో ఆ 25 ఏళ్ల రూలు గుర్తొచ్చిందా?

పిడుగురాళ్ల చుట్టూ సున్నపురాయి నేల. కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. అమ్మడం తప్పని నేననను, పిల్ల పెళ్లికో ఆస్పత్రికో అవసరం రావచ్చు. కానీ ముందు ఈ ఆదివారం ఇంట్లో పట్టా బయటికి తీయండి. సర్వే నంబరు, ఇచ్చిన సంవత్సరం, ఎవరి పేరున ఉందో రాసుకోండి. ఇప్పటి రూలేంటో తహసీల్దారు ఆఫీసులో అడగండి. కాగితంలో మాటకి అర్థం తెలియకుండా మాత్రం తాత చేత వేలిముద్ర వేయించొద్దు.