ప్రాచీననాణెములు – కిలుము

రూపశబ్దమునకు యప్‌ప్రత్యయమును జేర్చి పాణిని రూప్యశబ్దమును రెండర్థములందు సాధించెను. ఆహతార్థ మొకటి, ప్రశంసార్థ మొకటి. ముద్రచేఁ గొట్టఁబడిన రూపము గలది మొదటిది. చక్కని రూపము గలది రెండవది. రూపాయి యను మన వ్యవహారపదమునకు మూల మిదియే. నాణెములఁ గూర్చువారి పొరపాటులలోఁ బెక్కు లీ రెండర్థములను గలిపివేయుటవలనఁ గలుగుచున్నవి. నాణెము చరిత్రకు సాక్ష్యమగుట యాహతరూపముచేతనే గాని మెఱుఁగుచేతఁ గాదు. మెఱుఁగునకై తోమినచో సాక్ష్యము నశించును.

లోహము చిరకాలము భూమిలోనో గాలిలోనో యున్నపు డేర్పడు పొరను మనవారు కిలు మందురు. వెండి గాలిలోని గంధకవాయువులవలన మొదట పసిమియు, పిదప నీలమును, తుదకు నలుపును వహించును. రాగి పచ్చనగును. సీసము తెలుపో బూడిదవన్నెయో తాల్చును. ఈ పొర గట్టిగను నునుపుగను ఉన్నచోఁ గ్రింది లోహమునకుఁ గవచమువంటిది. దానిని రోగమని తలంచి తొలఁగింపరాదు. నిజమైన రోగము వేఱు. రాగినాణెముపై లేఁతపచ్చని పొడి పుట్టి, తుడిచినను మరల మరల వచ్చుచున్నచో నది లవణసంబంధమువలనఁ గలిగిన క్షయము. అట్టి నాణెమును వేఱుపఱిచి, తేమ తగులకుండ నుంచి, తెలిసినవారికిఁ జూపవలెను.

కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్రపు సరిహద్దున నున్న డోంగ్లి మొదలగు గ్రామములు పూర్వము నిజాము సంస్థానములోనివి. అచ్చటఁ జెల్లినది హాలీసిక్కా. చార్మినారు ముద్రగల వెండిరూపాయిలో వేయింట 818 పాళ్లు వెండి. ఆంగ్లప్రభుత్వపు కల్దారు రూపాయిలో సుమారు 917 పాళ్లు. తూకమునందును హాలీరూపాయి కొంచెము తక్కువ. కావుననే 7 హాలీరూపాయలకు సుమారు 6 కల్దారు రూపాయలు మారకముగా నుండెను. కంసాలి యిట్టి రూపాయిని వెండితూకమునకే కొనును. తోమినను తోమకున్నను వెల యొక్కటే. నాణెపరీక్షకుఁడు మాత్ర మక్షరముల స్ఫుటత్వమును, సంవత్సరమును, కిలుముయొక్క తీరును జూచును. తోమిన నాణెముపై సన్నని గీతలు భూతద్దమునఁ గనఁబడును. దాని వెల తగ్గును. కిలుమును గృత్రిమముగాఁ బుట్టించువారును గలరు. సహజమైన కిలుము అక్షరముల మూలలందు దట్టముగను, ఎత్తులయందుఁ బలుచగను ఉండును. కృత్రిమమైనది తఱచుగా నెల్లెడ నొక్కతీరున నుండి, రుద్దిన నూడిపోవును.

రూపాయి విషయమున నష్టము వెలకుఁ జెందినది. ప్రాచీననాణెముల విషయమున నది చరిత్రకుఁ జెందును. కామారెడ్డి సీమను దడుపు మంజీర కందకుర్తియొద్ద గోదావరిఁ గలియును. ఆ గోదావరివెంట దిగువకుఁ బోయినచో జగిత్యాల జిల్లాలోఁ గోటిలింగాల యున్నది. అచ్చట దొరకిన నాణెములపై గోభద, సమగోప, నారన మొదలగు రాజుల పేర్లును, చిముక సాతవాహనుని పేరును గలవు. నానాఘాటు శాసనమున సిముకుఁడని పేర్కొనఁబడిన శాతవాహనరాజే యీ చిముకుఁడని పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు ప్రతిపాదించిరి. ఇందువలన నా వంశపు తొలి యధికారము తెలంగాణమున నుండెనను పక్షమునకు బలము చేకూరినది. అంగీకరింపనివారును గలరు. ఎవరి పక్షమెట్లున్నను, ఇంతటి వాదము వ్రేలిగోటియంత లోహపుబిళ్లలపైని నాలుగైదక్షరములమీఁద నిలిచియున్నది.

ఆ యక్షరముల విలువను వ్యాకరణ మెఱిఁగినవారు సులభముగా గ్రహింపఁగలరు. ‘రఞో’ యనునది రాజ్ఞః అనుటకు ప్రాకృతరూపము. చివరి ‘స’కారము షష్ఠీవిభక్తి. శాతకర్ణి నామధేయము గల రాజులు పలువురు. వారిని వేఱుపఱుచునవి గోతమిపుత, వాసిఠిపుత యను మాతృనామములే. ఇవి నాణెపు టంచున నుండుటచేఁ దఱచు సగమే ముద్రితములై యుండును. ఆ మిగిలిన సగమును చింతపండుతోఁ దోమి పోఁగొట్టినచో, నాణెము తళతళలాడును గాని యది యే శాతకర్ణిదో చెప్పుట దుష్కరమగును.

నాసికజిల్లాలోని జోగల్‌తెంబి నిధి మఱియొక తార్కాణము. 1906లో బయల్పడిన యా నిధిలో 13,000కు మించిన వెండినాణెము లుండెను. అన్నియు మొదట క్షహరాతుఁడైన నహపానునివి. వానిలో మూఁడింట రెండుపాళ్లకు మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరలఁ గొట్టించెను. క్రింది ముఖమును, పై ముద్రయు నొక్కచోట నిలిచియుండుటచేతనే యీ నాణెములు జయించినవానిని, జయింపఁబడినవానిని గూడఁ దెలుపుచున్నవి. అడుగురూప మరిగిపోయినచో నా విజయమునకు లోహసాక్ష్యము లేకపోవును.

కావున పాఠశాలల పండితులకు నా విన్నపము. విద్యార్థి పొలమునుండి నాణెమును దెచ్చినపుడు దానిని దోమనీయకుఁడు. దొరకిన యూరు, చేను, లోఁతు, తోడ దొరకిన పెంకులు మున్నగువానిని వెంటనే వ్రాయించుఁడు. తూకమును, కొలతను గుర్తించి, కాగితమునఁ జుట్టి పొడిచోట నుంచుఁడు. సీసపు నాణెములను గొయ్యపెట్టెలలో నుంచరాదు. కొయ్యలోని యామ్లవాయువులు వానిని దినివేయును. భూమిలో దాఁగిన నిధి దొరకినచో, 10 రూపాయలకు మించిన వెలగలదైన యెడల, 1878 నాఁటి నిధిచట్టము ననుసరించి కలెక్టరునకుఁ దెలుపవలెను. ఊరు పేరు తెలియని తళతళలాడు నాణెముకంటె, ఊరు పేరుతోఁ గూడిన మసిబాఱిన నాణెమే చరిత్రకారునకు మిక్కిలి యుపకరించును.