పసుపు ఎర్రబడేది సున్నంతో

పోయిన ఏడాది మా బడి పిల్లలను సామర్లకోట తీసుకువెళ్ళాము. మన్యం దిగి గోకవరం, జగ్గంపేట, పెద్దాపురం మీదుగా వెళితే వచ్చే ఊరు అది. భీమేశ్వరాలయం చూపించాలని, రైలు ఎరుగని పిల్లలకు జంక్షన్ స్టేషన్ చూపించాలని మా ఆలోచన. తూర్పు చాళుక్య భీముడు కట్టించిన గుడి అని, వెయ్యేళ్ళు దాటిందని చెప్పాము. రెండంతస్తుల ఎత్తున్న లింగాన్ని పిల్లలు నోరు తెరిచి చూశారు.

బయట పూజ సామాన్ల కొట్టు దగ్గర ఏడో తరగతి పిల్ల ఒక పసుపు కొమ్ము తీసి, గోటితో గీకి, వాసన చూసి, "ఇది మనదేనా మాస్టారూ?" అని అడిగింది. కొట్టాయన నవ్వి, "దుగ్గిరాల పసుపమ్మా" అన్నాడు. నిజమే కావచ్చు. దుగ్గిరాల, ఆర్మూరు, మైదుకూరు, కొత్తపేట కస్తూరి అని పల్లపు ఊళ్ళ పేర్లతో రకాలు ఉన్నాయి. పాడేరు, చింతపల్లి కొండల మీద మనవాళ్ళు పండించింది మాత్రం సంచి మారితే పేరు నిలవడం కష్టం.

మన పసుపు గురించి పుస్తకాల్లో అసలు ఏమీ లేదా అంటే, ఉంది. ఉన్నదేమిటో చదివితే బాధ కలుగుతుంది. 1835 నుంచి 1837 వరకు గుంసూరు కొండల్లో కుంపిణీ సైన్యం కోదులతో యుద్ధం చేసింది. ఊళ్ళు తగలబెట్టారు. కోదుల నరబలులను ఆపడానికని 1845లో మెరియా ఏజెన్సీ అని ప్రత్యేకంగా ఒక కచేరీ పెట్టారు. ఆ అధికారుల రాతలను పట్టుకుని ఫ్రేజర్ అనే స్కాట్లండు పండితుడు తన 'గోల్డెన్ బౌ'లో ఒక మాట ఎక్కించాడు: నెత్తురు పడనిదే పసుపుకు ముదురు ఎరుపు రాదని కోదులు నమ్మేవారట. ఆ పుస్తకాన్ని లోకమంతా చదివింది.

బలులు జరగనే లేదని మేము అనడం లేదు. దొరలు ఎంత చూశారు, ఎంత పెంచి రాశారు, బలి ఆపుతామని వచ్చి తాము చేసిన హింస ఎంత అన్నది వేరే చర్చ. ఫెలిక్స్ పాడెల్ 1995లో దీనిమీద పెద్ద పుస్తకమే రాశాడు. మా అభ్యంతరం ఇంకొకటి. పసుపు ఎలా ఎర్రబడుతుందో ఏ ఇంట్లో ముసలమ్మను అడిగినా చెబుతుంది. కాస్త సున్నం కలిపితే చాలు. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి అదే. సున్నం క్షారం కాబట్టి పసుపులోని రంగు ఎరుపుకు మారుతుందని సైన్సు టీచర్లు బల్లమీదే చేసి చూపించవచ్చు.

ఆ పుస్తకంలో లేనిది మనవాళ్ళ చాకిరీ. తొలకరికి దుంప నాటాలి. పల్లంలో తొమ్మిది నెలలకు తవ్వేస్తారు, మన కొండల మీద నాటు పసుపును రెండేళ్ళు నేలలోనే ఉంచడం పాత అలవాటు. తవ్వి, మట్టి దులిపి, ఉడకబెట్టి, పదిపదిహేను రోజులు ఎండబెట్టి, పొట్టు పోయేదాకా రుద్దాలి. వంద కిలోల పచ్చి పసుపుకు చేతికొచ్చేది ఇరవై కిలోలకు అటూ ఇటూ. దాన్ని కావిడి కట్టి సంతకు మోస్తే ఉప్పుకు, గుడ్డకు, ఎండుచేపకు బదులు సావుకారు కుంచంతో కొలుచుకునేవాడు. కుంచం ఆయనది, లెక్కా ఆయనదే. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది ఇలాంటి దోపిడీని అడ్డుకోవడానికే.

రాత లేకపోతే ఏమవుతుందో ఇంకో కథలో తెలుస్తుంది. గాయానికి పసుపు పెట్టడం కొత్త సంగతి అన్నట్టు 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి, సీఎస్ఐఆర్, దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అప్పటి అమెరికా చట్టానికి పరాయి దేశంలోని నోటి వాడుక చాలదు, అచ్చులో ఉండాలి. అందుకని సంస్కృత గ్రంథాలు, 1953లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం లాంటివి చూపించారు. కత్తి తెగితే మన అమ్మలు పసుపు అద్దిన చేయి ఆ కాగితాల లెక్కలోకి రాదు.

ఒడిశాలో కోదులున్న కంధమాల్ కొండల పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నెత్తురు కథ మోసిన ఆ కొండలే ఇప్పుడు తమ పేరుతో పసుపు అమ్ముకుంటున్నాయి.

సామర్లకోట నుంచి వచ్చాక పిల్లలకు ఒక పని చెప్పాము. పసుపు గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకురమ్మన్నాము. కొట్టు దగ్గర అడిగిన పిల్ల నాలుగు పేజీలు తెచ్చింది. విత్తనపు దుంప ఎలా ఏరాలి, ఏ కట్టెతో ఉడికించాలి, పురిటింట్లో ఎక్కడ పూయాలి, అన్నీ ఉన్నాయి. చివర వాళ్ళ అవ్వ పేరు, ఊరి పేరు, తేదీ రాసి, కింద పసుపు చేత్తో అవ్వ వేలిముద్ర వేయించింది.