పడవ మీద భోజనం, పడవ మీద సభ

మన సమాఖ్యకు పదేళ్లు నిండాయని ఈ ఏడాది ఎక్స్‌పోజర్ విజిట్‌కి కేరళ వెళ్లాం. కుటుంబశ్రీ సంఘాలను చూశాక, చివరి రోజు కొచ్చి రేవులో పడవ మాట్లాడుకుని అందరం పండగ భోజనం చేశాం. ఎర్ర బియ్యం అన్నం, కొబ్బరి వేసిన చేపల కూర, సాంబారు. ఫోటోలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి. ఆ నీళ్లకి ఉన్న కథ మాత్రం ఫోటోల్లో కనబడదు. రాలేకపోయిన అక్కచెల్లెళ్ల కోసం అది ఇక్కడ రాస్తున్నాం.

సముద్రానికి ఆనుకుని, నదులు వచ్చి కలిసే పెద్ద నీటి పట్టును అక్కడ కాయల్ అంటారు. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరదతో పాత ముజిరిస్ రేవు పూడిపోయి, కొచ్చి దగ్గర దారి తెరుచుకుందని చెబుతారు. అయితే ఆ మొగలో ఇసుక మేట ఉండడంతో పెద్ద ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి. 1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంగ్లీషు ఇంజనీరు వచ్చి ఆ మేటను తవ్వించాడు. 1928 నాటికి ఓడలు లోపలికి రాసాగాయి. తవ్విన మట్టితోనే విల్లింగ్డన్ దీవిని నిలబెట్టారు. పడవలో వెళ్తుంటే ఆ దీవి, చీనా వలలు, క్రేన్లు అన్నీ కనబడతాయి. గైడ్లు చెప్పే చరిత్ర ఇదే.

ఇంకో చరిత్ర ఉంది. అప్పట్లో అది కొచ్చి రాజుగారి రాజ్యం. పొలాల్లో నడుం వంచి పంట పండించే పులయ కులం వాళ్లు అందరూ నడిచే దారిలో నడవకూడదు. ఆడవాళ్లు పైన బట్ట కప్పుకోకూడదు. నలుగురూ ఒకచోట చేరి సభ పెట్టుకుందామంటే అడుగు నేల ఇచ్చేవాళ్లు లేరు. నేలంతా రాజుగారిది, భూస్వాములది. మరి నీళ్లు ఎవరివి?

1913లో వాళ్లు పడవల మీద వచ్చారు. ఎర్నాకుళం ఎదుట కాయల్ మధ్యలో పడవలన్నీ పక్కపక్కన చేర్చి కట్టి, వాటి మీద బల్లలు పరిచి సభ జరుపుకున్నారు. దీన్ని కాయల్ సమ్మేళనం అంటారు. జాలరి కులంలో పుట్టిన పండిత్ కరుప్పన్ వాళ్లకు తోడు నిలిచాడు. పులయ మహాసభ పుట్టింది ఆ ఏడాదే.

ఆ కాయల్‌లోనే ములవుకాడ్ అనే దీవి ఉంది. దాక్షాయణి వేలాయుధన్ 1912లో పుట్టింది ఆ దీవిలోనే, ఆ కులంలోనే. ఎర్నాకుళం మహారాజా కాలేజీలో బీఏ చదివింది. ల్యాబులో అగ్రకులం మాస్టారు ప్రయోగం దగ్గరుండి చూపించకపోతే, దూరం నుంచి చూసి నేర్చుకుంది. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లింది. ఆ సభలో ఆడవాళ్లు 15 మంది. దళిత మహిళ ఆమె ఒక్కతే. మన రాజమండ్రి ఆడబిడ్డ దుర్గాబాయి కూడా ఆ 15 మందిలో ఉంది. అంటరానితనం నేరమని చెప్పే 17వ అధికరణం ఆ సభ చేసిన రాజ్యాంగంలోదే.

ఇదంతా పొదుపు సంఘం పుస్తకంలో ఎందుకంటే, మన బలమంతా కలిసి కూర్చోవడంలోనే ఉంది. పొదుపు, అప్పు, తీర్మానం అన్నీ ఆ తర్వాతే. మనకు భవనం లేని రోజుల్లో చెట్టు కింద, బడి అరుగు మీద కూర్చున్నాం. ఫలానా చోటు మీకు కాదని లేపినవాళ్లూ ఉన్నారు. ఆ బాధ మనకు తెలుసు. అయినా మీటింగు ఎవరి వాకిట్లో పెట్టాలి, ఎవరింట్లో టీ తాగాలి అన్న దగ్గర కొన్ని గ్రామ సంఘాల్లో ఇప్పటికీ మాట నలుగుతోంది. లేపినవాళ్లను తప్పుపట్టే మనమే మరొకరికి చోటు లేదంటే ఎలా?

తిరిగొచ్చాక జరిగిన సర్వసభ్య సమావేశంలో ఈ మాటే చర్చకు పెట్టాం. నెలవారీ సమావేశం ఇక నుంచి వంతుల వారీగా అన్ని పేటల్లోనూ జరగాలని, ఏ పేటలో జరిగితే ఆ పేట సభ్యులే టీ, టిఫిను చూడాలని, అందరూ ఒకే చాప మీద కూర్చోవాలని తీర్మానించాం. మినిట్స్ పుస్తకంలో అందరి సంతకాలూ, వేలిముద్రలూ పడ్డాయి. మొదటి సమావేశం ఎస్సీ కాలనీలో జరిగింది. ఒక్కరూ మానలేదు.